తుంటి గిన్నెకు మూడు దారులు

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థంలో గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక ఏరు దాటుతుంటే దగ్గర నుంచి చూడాలని మా పిన్ని కూతురికి చిన్నప్పటి నుంచీ ఆశ. ఆ ఏడాది ఇద్దరం కలిసే బయల్దేరాం. డప్పులు దగ్గరయ్యాయి. నీళ్ళలో దిగి ప్రభను భుజాలకెత్తుకున్న కుర్రాళ్ళ కేకలు వినబడుతున్నాయి. గట్టు మీద ముందు నేను, వెనక తను. కాసేపటికి తిరిగి చూస్తే తను లేదు. యాభై అడుగుల వెనక కొబ్బరి చెట్టుకి ఆనుకుని నిలబడి ఉంది.

"నువ్వెళ్ళిపో అక్కా. నేనిక్కణ్ణించే చూస్తాలే."

అప్పటికి తనకి పందొమ్మిదేళ్ళు. కుడి చెయ్యి తుంటి మీద పెట్టుకుంది. బొటనవేలు వెనక్కి, మిగిలిన నాలుగు వేళ్ళూ ముందుకి వచ్చి గజ్జను నొక్కుతున్నాయి. తుంటి కీలు లోపల నొప్పి ఉన్నవాళ్ళు నొప్పి ఎక్కడ అని అడిగితే చాలామంది ఇలాగే అరచెయ్యిని కొడవలిలా వంచి చూపిస్తారని, ఎముకల డాక్టర్లు దాన్ని ఒక గుర్తుగా తీసుకుంటారని నాకు ఆ తరవాత తెలిసింది. అప్పుడు తెలిసుంటే రెండేళ్ళు కలిసొచ్చేవి.

ఆ రెండేళ్ళూ దాన్ని నడుం నొప్పి అన్నారు. వెన్నుపూసకి ఎక్స్‌రేలు తీశారు, బెల్టు ఇచ్చారు, బలానికి సూదులు వేశారు. ఎవరో చెబితే కట్టు కూడా కట్టించాం. చుట్టాల్లో ఒకావిడ "కుంటుతోంది, ముందు పెళ్ళి చూడండి, తరవాత కనబడిపోద్ది" అంది. ఆ మాట విన్న పిల్ల మొహం నేను మరిచిపోలేదు. ఒక్కరు కూడా తుంటికి ఎక్స్‌రే తీయలేదు. చివరికి ఒక డాక్టరు మంచం మీద పడుకోబెట్టకుండా, "ఒంటికాలి మీద నిలబడమ్మా" అన్నాడు. కుడికాలి మీద నిలబడగానే ఎడమ వైపు నడుం కిందికి జారింది. 1895లో జర్మన్ సర్జన్ ట్రెండెలెన్‌బర్గ్ చెప్పిన పరీక్ష అది. యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు, అర నిమిషం చాలు.

ఆ సాయంత్రం ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి పెట్టి ఆయన పెన్సిల్‌తో రెండు గీతలు గీశాడు. తొడ ఎముక తల నడిమధ్య నుంచి నిటారుగా పైకి ఒకటి, అదే చోటు నుంచి, ఆ తల కూర్చునే కటి ఎముక గిన్నె బయటి అంచుకి ఇంకొకటి. స్వీడన్‌లో గున్నార్ విబర్గ్ 1939లో చెప్పిన కోణం ఇది. 25 డిగ్రీలు దాటితే గిన్నె తలను బాగా కప్పినట్టు. 20 లోపుంటే గిన్నె పలచన. మా పిల్లకి 14.

మన ఇళ్ళలో రుబ్బురోలు చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. గుంట లోతుగా ఉంటే పొత్రం కుదురుగా తిరుగుతుంది. గుంట పలచనై, ఒక పక్కకి వాలి ఉంటే పొత్రం అంచు మీదికెక్కి ఆ అంచునే అరగదీస్తుంది. తుంటిలోనూ అంతే. ఒంటి బరువంతా చిన్న అంచు మీద పడుతుంది. గిన్నె చుట్టూ ఉండే మెత్తటి పట్టీ చిరుగుతుంది, మృదులాస్థి అరుగుతుంది. పుట్టుకతోనే ఉన్న ఈ లోపం చిన్నప్పుడు నొప్పి పెట్టదు. పదహారు, ఇరవై, పాతికేళ్ళకు బయటపడుతుంది. ఆడపిల్లల్లో ఎక్కువ. తొలిచూలు బిడ్డకి, ఎదురుకాళ్ళతో పుట్టిన బిడ్డకి, ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ.

ఇక్కడ మా అమ్మమ్మల గురించి ఒక మాట చెప్పాలి. కొత్తపేట బస్టాండులో ఏ పొద్దున నిలబడినా, బిడ్డను చంకనెత్తుకున్న తల్లులు కనబడతారు. బిడ్డ కాళ్ళు రెండూ తల్లి నడుముకి అటూ ఇటూ చాపి, మోకాళ్ళు వంచి, గుర్రమెక్కినట్టు కూర్చుంటుంది. తుంటి గిన్నెలో తల కుదురుగా కూర్చునే భంగిమ సరిగ్గా అదే. బిడ్డల్ని అలా ఎత్తుకునే సమాజాల్లో తుంటి జారడం, అంటే గిన్నెలోంచి తల జారిపోవడం, తక్కువని, కాళ్ళు చాపి బిగించి చుట్టే చోట్ల ఎక్కువని వైద్యులు ఎప్పటి నుంచో గమనిస్తున్నారు. జపాన్‌లో పసిబిడ్డల కాళ్ళు చాపి చుట్టొద్దని 1970ల్లో దేశమంతా ప్రచారం చేశాక అక్కడ తుంటి జారిన బిడ్డల సంఖ్య బాగా తగ్గిపోయింది. మనం చంకనెత్తుకోవడం మంచి పనే. పొత్తిళ్ళలో కాళ్ళు రెండూ కలిపి కర్రలా బిగించడం, నీళ్ళు పోసేటప్పుడు కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తడం మాత్రం మానుకోవాలి. నూనె రాసి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోసే అమ్మమ్మ చేతులకి ఈ సంగతి చెబితే చాలు. వాళ్ళు మనకంటే జాగ్రత్తగా పాటిస్తారు.

పుట్టిన వెంటనే కనిపెడితే చాలామందికి కత్తితో పనే ఉండదు. ఇటలీ పిల్లల డాక్టరు ఓర్టొలాని 1937లో, ఇంగ్లండ్ సర్జన్ బార్లో 1962లో చెప్పిన పరీక్షలతో బిడ్డ తొడను మెల్లగా తిప్పి చూస్తే జారిన తుంటి చేతికి తెలుస్తుంది. ఆరు నెలల లోపైతే చెక్ వైద్యుడు పావ్లిక్ పేరుతో ఉన్న మెత్తటి పట్టీలు చాలావరకు సరిపోతాయి. కేంద్రం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతకాల్సిన సమస్యల్లో ఈ తుంటి లోపం కూడా ఒకటి. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆ వైద్య బృందాన్ని "మా బిడ్డ తుంటి చూడండి" అని అడిగే హక్కు తల్లికి ఉంది. అడగాలి.

ఆ ఆరు నెలలు దాటిపోయిన బిడ్డకి, ముఖ్యంగా నడక వచ్చాక బయటపడ్డ బిడ్డకి, తరచు కీలు తెరిచి తలను గిన్నెలో కూర్చోబెట్టాల్సి వస్తుంది. దారుల తగువు ఇక్కడి నుంచే మొదలవుతుంది. గజ్జ లోపలి వైపు నుంచి చిన్న కోతతో వెళ్ళవచ్చు. లుడ్‌లోఫ్ అనే జర్మన్ సర్జన్ 1908లో చూపిన దారి. అడ్డుగా ఉన్నదాన్ని తీయడం సులువు, మచ్చ కనబడదు. కానీ తొడ ఎముక తలకి రక్తం తెచ్చే సన్నటి నాళం ఆ పక్కనే ఉంటుంది. దానికి దెబ్బ తగిలితే తల చచ్చుబడిపోతుంది. పైగా సాగిపోయిన కీలు తిత్తిని బిగించి కుట్టడానికి అటు నుంచి వీలు కాదు. ముందు వైపు నుంచి వెళ్తే కోత పెద్దదే, కానీ తిత్తిని బిగించవచ్చు, గిన్నె పలచగా ఉంటే అదే పూట దాన్నీ సరిచేయవచ్చు. టొరంటోలో రాబర్ట్ సాల్టర్ 1961లో ప్రచురించిన కటి ఎముక కోత అలా చేసేదే. ఏడాది లోపు బిడ్డలకి లోపలి దారి, అంతకు పెద్దవాళ్ళకి ముందు దారి అని చాలామంది సర్జన్లు విడదీసుకుంటారు. పెర్తిస్ జబ్బులో లెక్క వేరు. అందులో తొడ ఎముక తలకే రక్తం తగ్గి మెత్తబడుతుంది. చాలాసార్లు గిన్నెను కాక తొడ ఎముకను బయటి వైపు నుంచి కోసి వంచి, తలను గిన్నె లోపలికి తిప్పుతారు. మన పడమటి కోస్తాలో ఆ జబ్బు ఎక్కువ. మణిపాల్‌లో డాక్టర్ బెంజమిన్ జోసెఫ్ దాని మీద చేసిన పనిని ప్రపంచమంతా చదువుతుంది.

మా పిల్ల ఆ వయసులన్నీ దాటిపోయింది. ఎదుగుదల ఆగి, కటి ఎముక మధ్యనుండే మూడు పాయల మృదులాస్థి గట్టిపడిన తరవాత గిన్నె తనంతట తాను లోతు కాదు. దాన్ని తిప్పాల్సిందే.

తిప్పడమంటే ఏమిటో ఆ డాక్టరు చెయ్యి బోర్లించి చూపించాడు. గిన్నె చుట్టూ ఎముకను ఒక్కో వైపు నుంచీ కోసి, గిన్నెను మాత్రం విడదీసి, గొడుగు వంచినట్టు తల మీదికి వంచి, మూడు నాలుగు పొడుగు స్క్రూలతో మళ్ళీ బిగిస్తారు. కీలు మారదు. తన ఎముకే, తన మృదులాస్థే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో రైన్‌హోల్డ్ గాంజ్ 1984లో ఈ పద్ధతిని మొదలుపెట్టి 1988లో ప్రచురించాడు. అంతకు ముందు అమెరికాలో స్టీల్ 1973లో మూడు చోట్ల కోసే పద్ధతి చెప్పాడు. అందులో పిరుదు వైపు ఇంకో కోత కావాలి, కటి వలయం మొత్తం తెగుతుంది. గాంజ్ పద్ధతిలో వెనక స్తంభం లాంటి ఎముక చెక్కుచెదరకుండా ఉంటుంది. అందుకే పేషెంటు తొందరగా లేచి నిలబడగలదు. ఆడపిల్లల తల్లులు గుచ్చి గుచ్చి అడిగే ప్రశ్నకి జవాబు కూడా అక్కడే ఉంది. వలయం ఆకారం మారదు కాబట్టి కాన్పు దారి ఇరుకు కాదు. ఈ ఆపరేషన్ అయినవాళ్ళు మామూలు కాన్పులోనే బిడ్డల్ని కంటున్నారు. మా పిన్ని ఈ మాట విన్నాకే కుర్చీలో వెనక్కి ఆనుకుంది.

సరే, ఎముకను కోసే చోట్లు ఒకటే. అక్కడిదాకా ఏ దారిన వెళ్ళాలి?

అమలాపురం నుంచి కాకినాడ పెద్దాసుపత్రికి మనకు మూడు దారులున్నాయి. రావులపాలెం వెళ్ళి జొన్నాడ వంతెన దాటి చుట్టూ తిరిగి వెళ్ళొచ్చు. ఎదుర్లంక దగ్గర బాలయోగి వారధి ఎక్కి యానాం మీదుగా ఏటి పక్కనే పోవచ్చు. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగొచ్చు. తుంటి గిన్నెకు వెళ్ళే దారులూ నాకు అలాగే అర్థమయ్యాయి.

రావులపాలెం దారి లాంటిది స్మిత్-పీటర్సన్ దారి. నార్వేలో పుట్టి బాస్టన్‌లో పనిచేసిన ఆ సర్జన్ 1917లో చెప్పిన ఈ ముందు దారిని గాంజ్ తీసుకున్నాడు. పొడుగు కోత. నడుం ముందు పొడుచుకొచ్చే ఎముక కొన నుంచి సార్టోరియస్ కండరాన్ని విడదీస్తారు. తొడను పైకెత్తే రెక్టస్ కండరాన్ని దాని మొదట్లో తెంపి, చివర్లో కుట్టేస్తారు. అంతా కళ్ళెదుట కనబడుతుంది. కీలు తెరిచి చిరిగిన పట్టీని కుట్టనూ వచ్చు. తొలి రోజుల్లో కటి ఎముక బయటి వైపు కండరాల్ని కూడా ఒలిచేవాళ్ళు. విడదీసిన గిన్నెకు రక్తం ఆ కండరాల నుంచి కూడా వస్తుంది, ఒంటికాలి మీద నిలబెట్టేవీ అవే. 1990ల చివరికి బాస్టన్ సర్జన్లు వాటిని ముట్టుకోకుండా పనిచేయడం చూపించారు. ఆ తరవాత కొందరు రెక్టస్‌ని కూడా తెంపకుండా పక్కకి జరిపి వెళ్తున్నారు. అదే దారి, అయితే చెట్లు కొట్టకుండా వెళ్ళడం. ఈ రోజు ఎక్కువ మంది నడిచేది ఈ దారినే.

రెండోది ఏటి పక్క దారి. ఫ్రాన్స్‌లో లెటూర్నెల్ విరిగిన గిన్నెల్ని బిగించడానికి గజ్జ వెంబడి వేసిన కోత ఇది. పిరుదు కండరాలు భద్రంగా ఉంటాయి, మచ్చ బట్టల కింద దాగుతుంది. కానీ కాలికి రక్తం తెచ్చే పెద్ద ధమని, పెద్ద నరం ఆ దారి పక్కనే పారుతున్నాయి. వాటిని పట్టీలతో పక్కకి లాగి పనిచేయాలి. అలా లాగినప్పుడు ధమనిలో రక్తం గడ్డకట్టిన సంఘటనలు ఉన్నాయి. కీలు లోపలికి చూసే వీలూ లేదు. అందుకే ఈ పనికి దాని వాడకం తగ్గింది. నా మట్టుకు నేను తగ్గడమే మంచిదనుకుంటాను.

మూడోది పంటు. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో సోబల్లే, ట్రోల్సెన్ 2008లో ప్రచురించిన దారి. కోత సుమారు 7 సెంటీమీటర్లే. సార్టోరియస్‌ని తెంపరు. దాని పోగుల వెంబడే, కొబ్బరి పీచు చీల్చినట్టు, నిలువునా రెండుగా విడదీసి మధ్యలోంచి దిగుతారు. రెక్టస్ జోలికి వెళ్ళరు. గజ్జ దారితో పోల్చి చూసినప్పుడు రక్తం తక్కువ పోయింది, ఆపరేషన్ తొందరగా ముగిసింది, ధమనికి దెబ్బ తగల్లేదు. అయితే ఇంత చిన్న కిటికీలోంచి ఎముక మొత్తం కనబడదు. లోతుగా ఉన్న కోతల్ని ఎక్స్‌రే తెర మీద నీడ చూస్తూ ఉలితో కొట్టాలి. పంటు దగ్గరి దారే, కానీ సరంగు ఏటి లోతు తెలిసినవాడై ఉండాలి. వరదొస్తే పంటు కట్టేస్తారు. అలాగే కీలు లోపల కూడా పని ఉంటే ఈ చిన్న దారి చాలదు.

జపాన్ వాళ్ళది ఇంకో తీరు. అక్కడ గిన్నె పలచదనం ఎక్కువ. నినోమియా, తగావా 1984లో వంపు తిరిగిన ఉలితో గిన్నె చుట్టూ గుండ్రంగా కోసే పద్ధతిని ప్రచురించారు. పక్క నుంచి, వెనక నుంచి వెళ్ళాలి కాబట్టి పిరుదు కండరాలు ఎక్కువ కదులుతాయి. మన దగ్గర చేసేవాళ్ళు చాలా వరకు ముందు దారినే ఎంచుకుంటారు.

దారుల గురించి ఇంత చెప్పాను కదా, కోనసీమ పిల్లకి అవి ఎందుకు ముఖ్యమో కూడా చెప్పాలి. విదేశీ పుస్తకాల్లో పేషెంటు ఎన్నాళ్ళకి కారెక్కింది, ఎన్నాళ్ళకి పరుగెత్తింది అని రాస్తారు. మన పిల్ల గొంతుక్కూర్చుని ముగ్గు పెట్టాలి. పీట మీద మఠం వేసుకుని తినాలి. ఊళ్ళో మరుగుదొడ్డి కింద కూర్చునేదే. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి వలుపు పనికి వెళ్ళే కుర్రాడైతే రోజంతా వంగి లేవాలి. చెట్టెక్కి కాయల దింపుకి వెళ్ళేవాడి బతుకంతా తుంటి వంపులోనే ఉంది. ఆ వంపునిచ్చే కండరాన్ని దారిలో తెంపారా, జరిపారా అన్నది మనకు అమెరికా వాళ్ళకంటే ఎక్కువ లెక్క. తల మీదికి గిన్నెను మరీ ఎక్కువ వంచేస్తే మోకాలు ఛాతీ దగ్గరికి రాగానే ఎముకకి ఎముక తగులుతుంది. ఎక్స్‌రేలో కోణం అందంగా కనిపిస్తుంది, పిల్ల గొంతుక్కూర్చోలేదు. సర్జన్‌కి ఆపరేషన్ ముందే "మేం కింద కూర్చుంటామండీ" అని చెప్పండి. చిన్న విషయమని మొహమాట పడకండి.

ఏ దారిన వెళ్ళినా తొడ బయటి వైపు చర్మానికి స్పర్శనిచ్చే నరం ఒకటి అడ్డం వస్తుంది. సాగదీస్తే అరచేతి మేర చర్మం మొద్దుబారుతుంది. చాలామందికి నెలల మీద తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. నడకకి అడ్డం కాదు. ముందే చెప్పకపోతే పిల్ల భయపడుతుంది.

పదేళ్ళకి, ఇరవై ఏళ్ళకి కీలు నిలుస్తుందా లేదా అన్నది మాత్రం కోత ఎక్కడ పెట్టారన్న దాని మీద కంటే, ఎప్పుడు వచ్చారు, ఎంత కచ్చితంగా తిప్పారు అన్న వాటి మీదే ఎక్కువ ఆధారపడుతుంది. బెర్న్‌లో గాంజ్ చేసిన తొలి ఆపరేషన్లను 20 ఏళ్ళ తరవాత చూస్తే సుమారు 60 శాతం తుంట్లు సొంత కీలుతోనే ఉన్నాయి. 30 ఏళ్ళకి మూడో వంతు దాకా అరుగుదల ముదరకుండా, కీలు మార్చకుండా బాగా పనిచేస్తున్నాయి. అవి కొత్తగా నేర్చుకుంటున్న రోజులు, ఆ పేషెంట్లలో కొందరికి అప్పటికే కీలు అరిగి ఉంది. వయసు పైబడ్డాక, మృదులాస్థి అరిగాక, కుంటు ముదిరాక చేసినవే ఎక్కువ చెడిపోయాయి. ఇరవై ఏళ్ళ పిల్లకి కృత్రిమ కీలు పెడితే జీవితంలో మళ్ళీ మళ్ళీ మార్చాల్సి రావచ్చు. అందుకే సొంత కీలుతో గడిచే ప్రతి పదేళ్ళూ లాభమే. నా కోపమంతా ఇక్కడే. మా పిల్ల పోగొట్టుకున్న ఆ రెండేళ్ళు మృదులాస్థి మీద పడ్డ రెండేళ్ళు. రాజోలులో, కొత్తపేటలో, అమలాపురంలో తుంటికి ఒక ఎక్స్‌రే తీసే ఆస్పత్రులున్నాయి. ఆపరేషన్ కోసం ఊరు దాటక తప్పకపోవచ్చు, జబ్బు కనిపెట్టడానికి ఏరు దాటనక్కర్లేదు.

అందుకే సర్జన్ దగ్గర కూర్చున్నప్పుడు కోత ఎన్ని అంగుళాలని మొదట అడగొద్దు. ఈ ఆపరేషన్ మీరు ఎన్ని చేశారండీ అని అడగండి. ఏడాదికి ఒకటి రెండు చేసేవాళ్ళ చిన్న కోత కంటే, నెలనెలా చేసేవాళ్ళ పొడుగు కోత నాకు నమ్మకం. తొడను పైకెత్తే కండరం తెంపుతారా అని అడగండి. కీలు లోపల చిరుగు ఉంటే అదే పూట చూస్తారా అనీ అడగండి. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో ఇది ఏ పేరుతో, ఏ ఆస్పత్రిలో వస్తుందో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే తేదీ పెట్టించుకోండి. మంచి సర్జన్ ఎవరూ ఈ ప్రశ్నలకు విసుక్కోరు. మా పిల్లకి చేసినాయన కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆయన ఎంచుకున్నది ముందు దారే, రెక్టస్ తెంపకుండా. "చిన్న కోత నాకూ తెలుసు. మీ అమ్మాయికి లోపల పట్టీ చిరిగింది, నేను కళ్ళతో చూడాలి" అన్నారు.

ఆపరేషన్ అయిన మర్నాడే చంక కర్రలతో నిలబెట్టారు. రెండు నెలల పాటు ఆ కాలి మీద సగం బరువు కూడా మోపనివ్వలేదు. ఎముక అతకడానికి మూడు నెలలు. మా పిన్ని ఇంట్లో అరుగు మెట్లు మూడు. రోజూ పొద్దున్నే "మంచికాలు ముందు పైకి, దిగేటప్పుడు జబ్బుకాలు ముందు" అని తనలో తను చెప్పుకుంటూ ఎక్కి దిగేది. నాలుగో నెల పరీక్షకి కాకినాడ వెళ్ళేటప్పుడు యానాం మీదుగా పోదామంటే వినలేదు, పంటెక్కుతానంది. కోటిపల్లి రేవులో పంటు ఒడ్డుకి తగిలి రేకు పలక దించాక, అందరూ దిగేదాకా ఆగింది. ఒక్క కర్రతో, నా చెయ్యి పట్టుకోకుండా దిగింది.

మొన్న భోగి నాడు తెల్లవారకుండానే వెళ్ళాను. వాకిట్లో లైటు వేసి ఉంది. గొంతుక్కూర్చుని ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెడుతోంది. మోకాళ్ళు రెండూ గడ్డం దగ్గరికొచ్చాయి. నేను చూస్తున్నది కాలినని తెలిసి, పిండి చేత్తోనే కుడి తొడ బయటి వైపు గిల్లుకుంది.

"ఇక్కడ మాత్రం ఇంకా తెలీట్లేదక్కా. దోమ కుట్టినా తెలీదు" అని, ఒకడుగు వెనక్కి జరిగి తరవాతి వరస చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది.